తాళం ఎవరి చేతిలో? చిన్న ట్రాక్టరు ఎంపిక గురించి

(సామర్లకోటలో స్త్రీ రైతుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్నిక్కడికి పిలిచినప్పుడు ఏ విషయం మీద మాట్లాడమంటారని అడిగాను. ఆస్తి హక్కు గురించో, గృహహింస చట్టం గురించో చెప్పమంటారనుకున్నాను. "మా సంఘం చిన్న ట్రాక్టరు కొనాలనుకుంటోందండీ. గేర్లది కొనాలా, హైడ్రోస్టాటిక్కుది కావాలని అడగాలా, అది చెప్పండి చాలు" అన్నారు. మొదట నవ్వొచ్చింది. దారిలో ఆలోచించుకుంటూ వస్తే, నేను చెబుదామనుకున్న హక్కుల సంగతంతా ఈ ప్రశ్నలోనే ఉందనిపించింది.

మీలో ఎనిమిది మంది షోరూముకి వెళ్ళారట. అక్కడి మనిషి మీ వెనక చూసి "మగాళ్ళెవరూ రాలేదా అమ్మా?" అన్నాడట. రాలేదంటే, "గేర్లు వెయ్యడం ఆడవాళ్ళ వల్ల కాదండీ. విదేశాల్లో హైడ్రోస్టాటిక్ ఉంటుంది, పెడల్ నొక్కితే చాలు. అది మన దగ్గరకొచ్చాక కొనుక్కోండి" అన్నాడట. మర్యాదగానే అన్నాడు. కానీ ఆ మాటకి అర్థమేమిటి? యంత్రం మారేదాకా మీరు ఆగండి అని. కాబట్టి ఇవాళ ఆ యంత్రం ఏమిటో మనమే విప్పి చూద్దాం.

గేర్ల ట్రాక్టరులో ఇంజను తిప్పే బలం పళ్ళ చక్రాల మీదుగా వెనక చక్రాలకు చేరుతుంది. వేగం మార్చాలంటే క్లచ్ నొక్కి ఇంజనునీ గేర్ బాక్సునీ విడదీయాలి, గేరు మార్చాలి, మళ్ళీ కలపాలి. హైడ్రోస్టాటిక్‌లో ఇంజను ఒక పంపుని తిప్పుతుంది. బోరు మోటారు నీళ్ళు తోసినట్టు ఆ పంపు ఆయిల్‌ని తోస్తుంది. ఆ ఆయిల్ ఒత్తిడికి ఇంకో మోటారు తిరిగి చక్రాలను తిప్పుతుంది. పంపులో ఒక పలక ఉంటుంది. అది నిటారుగా ఉంటే ఆయిల్ కదలదు, బండి ఆగి ఉంటుంది. ఒక పక్కకి వాలితే ముందుకి, రెండో పక్కకి వాలితే వెనక్కి. ఎంత వాలితే అంత వేగం. ఆ పలకని వాల్చేది మీ కాలి కింద పెడలో, చేతిలో లివరో. దానికీ రెండు మూడు రేంజి గేర్లుంటాయి గానీ, పని మధ్యలో క్లచ్ తొక్కే అవసరం ఉండదు.

ఇదేదో అమెరికా వింత అనుకోకండి. దాళ్వా కోతలకి మీ చేలల్లోకి చైను మీద నడిచే కోతమిషను వస్తుంది కదా, అందులో ఉన్నది ఇదే పద్ధతి. డ్రైవరు ఒకే లివరు ముందుకి తోస్తే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి పోవడం మీరంతా చూశారు. ఆ లివరు పట్టుకోవడానికి కండబలం అక్కర్లేదు. అయినా ఆ సీటులో ఒక్క స్త్రీనైనా చూశారా? నేను చూడలేదు. అంటే తేలిక యంత్రం వచ్చినంత మాత్రాన అది మన చేతికి రాదు. షోరూము మనిషికి మొదటి జవాబు ఇది.

ఇప్పుడు అసలు ఎంపిక సంగతి. సామర్లకోట డెల్టాకీ మెట్టకీ సరిహద్దు. దక్షిణాన గోదావరి కాలవల కింద నల్ల బంక నేల, రెండు పంటల వరి. ఉత్తరాన పెద్దాపురం వైపు మెట్ట, కర్రపెండలం, మామిడి, జీడిమామిడి. మీ సంఘంలో రెండు వైపుల వాళ్ళూ ఉన్నారు. పని ఏమిటో తేల్చకుండా యంత్రం తేల్చలేం.

సార్వాకి దమ్ము చెయ్యాలి. ఇనుప చక్రాలు వేసి, మోకాలి లోతు బురదలో గంటల తరబడి ఒకే వేగంతో లాగాలి. తర్వాత ధాన్యం బస్తాలతో ట్రక్కు లాగాలి. ఇలాంటి పనికి గేర్లే మేలు. పళ్ళ చక్రాల్లో పోయే శక్తి తక్కువ. హైడ్రోస్టాటిక్‌లో అంతకంటే ఎక్కువ భాగం ఆయిల్ వేడెక్కడానికే ఖర్చయిపోతుంది. యాభై హార్స్‌పవర్ బండికి అది పెద్దగా తెలియకపోవచ్చు. మీరు కొనబోయే ఇరవై, పాతిక హార్స్‌పవర్ బండికి బురదలో బాగా తెలుస్తుంది. డీజిల్ కూడా ఆ మేరకు ఎక్కువ తాగుతుంది.

మెట్ట తోటల్లో పని వేరు. చెట్ల మధ్య పది అడుగులు ముందుకి, అయిదు అడుగులు వెనక్కి, మలుపు, మళ్ళీ ముందుకి. ముందు తొట్టితో మట్టి, ఎరువు ఎత్తిపోయడమూ అలాంటిదే. గంటకి ఎన్నిసార్లు క్లచ్ తొక్కుతామో లెక్కుండదు. అక్కడ హైడ్రోస్టాటిక్ హాయి. ఇంకో లాభముంది. రోటవేటరుకి బలమిచ్చే వెనక కడ్డీ, పి.టి.వో. అంటారు కదా, అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతూ ఉండగానే, గట్టి నేల తగిలినచోట బండిని మాత్రం నెమ్మది చేసుకోవచ్చు. సింగిల్ క్లచ్ గేర్ల బండిలో క్లచ్ తొక్కితే కడ్డీ కూడా ఆగిపోతుంది. డబుల్ క్లచ్ ఉంటే సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పూర్తిగా తొక్కితే కడ్డీ ఆగుతుంది.

నష్టాలూ చెప్పుకోవాలి. హైడ్రోస్టాటిక్ ఖరీదు ఎక్కువ. ఆయిల్‌లో దుమ్ము, నీరు చేరితే పంపు పాడవుతుంది. ఫిల్టరు వేళకి మార్చాలి, చెప్పిన ఆయిలే పొయ్యాలి. ఇంజను ఆగిపోతే నలుగురు తోసి స్టార్టు చేసే వీల్లేదు. లాక్కెళ్ళాలన్నా కంపెనీ చెప్పిన పద్ధతి తప్పిస్తే లోపల దెబ్బతింటుంది. గేర్ బాక్సు విప్పగల మేస్త్రీ మీకు పెద్దాపురంలోనూ దొరుకుతాడు, కాకినాడలోనూ దొరుకుతాడు. ఈ పంపు విప్పగల మనిషి ఎక్కడున్నాడో కొనకముందే కనుక్కోవాలి.

అన్నిటికంటే పెద్ద సంగతి, మన డీలర్ల దగ్గర దొరికే చిన్న ట్రాక్టర్లు దాదాపు అన్నీ గేర్లవే. మహీంద్రా కంపెనీ అమెరికాలో అమ్మే చిన్న బండ్లలో హైడ్రోస్టాటిక్‌వి ఉన్నాయి. అదే కంపెనీ 2023 ఆగస్టు 15న విడుదల చేసిన ఓజా చిన్న ట్రాక్టర్లు తయారయ్యేది మన పక్కనే, తెలంగాణలోని జహీరాబాద్‌లో. ఇక్కడ అమ్మే వాటిలో గేర్లు, ముందుకీ వెనక్కీ మార్చే షటిల్ లివరు ఉంటాయి. అక్కడి తోటలో గడ్డి కోసుకునే మనిషి కాలి గురించి ఆలోచించారు. ఇక్కడ బురదలో పనిచేసే స్త్రీ కాలి గురించి ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు.

ఆ కాలి గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. నేను నలభై దాటాక ట్రాక్టరు నేర్చుకున్నాను. మొదటి రోజు క్లచ్ పూర్తిగా తొక్కడానికి సీటు అంచుకి జారి కూర్చోవాల్సి వచ్చింది. నేర్పే ఆయన "చూశారా, అందుకే చెప్పాను" అన్నాడు. నేనూ నమ్మేశాను. వారం తర్వాత ఒక ముసలి మేస్త్రీ ఆ పెడల్ చూసి, "దీనికి గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయిందండీ?" అన్నాడు. పిన్నులు తుడిచి గ్రీజు పెట్టాడు, లింకు సర్దాడు, సీటు రెండు గాళ్ళు ముందుకి జరిపాడు. నా వీపు వెనక మందపాటి దిండు పెట్టాడు. ఆ తర్వాత అదే బండిని నేను సాయంత్రం దాకా నడిపాను. ఆ వారమంతా నా ఒంటిది తప్పనుకున్నాను. సీటు జరుగుతుందన్న ముక్క కూడా నాకెవరూ చెప్పలేదు.

మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. పెడల్ ఎంత దూరం, ఎంత గట్టి, మెట్టు ఎంత ఎత్తు అన్నవి మగవాడి కొలతలతో పెట్టిన బండిలో ఆమె ఇబ్బంది పడుతుంది. అది ఆమె చేతకానితనం కాదు. వ్యవసాయ పరిశోధనా మండలి 1996లోనే స్త్రీల కోసం భువనేశ్వర్‌లో ప్రత్యేకంగా పరిశోధనా కేంద్రం పెట్టింది. స్త్రీల కొలతలకు తగిన పనిముట్ల మీద పని జరిగింది. ఆ కొలతలు కొడవలి దగ్గరా కలుపు గొర్రు దగ్గరా ఆగిపోకుండా ట్రాక్టరు సీటు దాకా రావాలని అడగాల్సింది మనమే.

ప్రాణాల మాట ఒకటి. కాలవ గట్టు దిగేటప్పుడు క్లచ్ తొక్కిపెట్టి గానీ న్యూట్రల్‌లో గానీ దిగకండి. వెనక బస్తాల ట్రక్కు తోసుకొస్తుంది. పైనే తక్కువ గేరు వేసుకుని దిగండి. హైడ్రోస్టాటిక్‌లో పెడల్ వదిలితే బండి నెమ్మదించి ఆగుతుంది, అయినా దిగేముందు హ్యాండ్ బ్రేకు వెయ్యాల్సిందే. బురదలో దిగబడితే చక్రానికి దుంగ కట్టి లాగకండి. ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. తలపైన ఇనుప కమ్మీ ఉన్న బండే కొనండి, బెల్టు పెట్టుకోండి. పి.టి.వో. కడ్డీ సెకనుకి తొమ్మిది చుట్లు తిరుగుతుంది. దానికి చీర కొంగో జడో దొరికితే అరిచే వ్యవధి కూడా ఉండదు. తొడుగు లేని కడ్డీ దగ్గరకి ఎవరినీ రానివ్వకండి. నూర్పిడి మిషన్లలో చేతులు పోతున్నాయని 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చారు. చట్టం వచ్చాక కూడా తొడుగులు పీకేసిన మిషన్లు మనం చూస్తూనే ఉన్నాం.

ఇక తాళం సంగతి. మీ పక్క ఊరి సంఘం కథ మీకు తెలుసు. పవర్ టిల్లరు వాళ్ళ పేరు మీదే వచ్చింది. పదిమంది వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. బండి ఒక పెద్దాయన పాకలోకి వెళ్ళింది. అద్దె ఆయన తీసుకున్నాడు, బ్యాంకు వాయిదాలు వీళ్ళు కట్టారు. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం మార్గదర్శకాల్లో ట్రాక్టరుకి మామూలు రైతుకి 40 శాతం, స్త్రీ రైతుకి 50 శాతం, పరిమితికి లోబడి సబ్సిడీ రాశారు. మంచిదే. కానీ ఆ పది శాతం కోసం భార్య పేరు రాసి, బండి తాను తీసుకుపోయే వాళ్ళని మనం చూడలేదా? 2015-16 వ్యవసాయ గణనలో దేశంలో స్త్రీల పేరున ఉన్న కమతాలు సుమారు 14 శాతం. కూతుళ్ళకి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985లోనూ, దేశమంతటా 2005లోనూ అమల్లోకి వచ్చింది. పాసుపుస్తకంలో పేరు లేనివాళ్ళకి పథకాల దగ్గర మొదటి గడపే దాటడం కష్టం.

అందుకని బండి కొనేముందు సంఘం తీర్మానం పుస్తకంలో కొన్ని మాటలు రాసుకోండి. రిజిస్ట్రేషన్, బీమా సంఘం పేరున ఉండాలి. తాళం సంఘం ఎంచుకున్న స్త్రీ దగ్గరే ఉండాలి. ఒక్కరు కాదు, కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. ఒకరికి జ్వరమొస్తే తాళం మగవాళ్ళకి పోకూడదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 7,500 కిలోలు మించని ట్రాక్టరు తేలికపాటి వాహనం కిందికే వస్తుంది, ఆ లైసెన్సు ఇద్దరూ తీసుకోవాలి. ఎన్ని గంటలు నడిచింది, ఎంత డీజిలు, ఎంత అద్దె అన్నది రోజూ రాయాలి. డబ్బు కట్టేముందు బండిని మీ చేలోకి తెప్పించండి. నడపబోయే ఆవిడే ఎక్కి ఒక ఎకరం దమ్ము చెయ్యాలి. ట్యాంకు నింపి మొదలెట్టి, అయ్యాక మళ్ళీ నింపితే ఎంత తాగిందో తెలుస్తుంది. సాయంత్రం ఆవిడ మోకాలు, నడుము ఏమంటున్నాయో అడగండి. కంపెనీ కాగితంలో అది ఉండదు.

నా సలహా అడిగితే ఇది. మీ పనిలో దమ్ము, రవాణా ఎక్కువ కాబట్టి ఇప్పటికి గేర్ల బండే తీసుకోండి. డబుల్ క్లచ్, షటిల్ లివరు, పవర్ స్టీరింగ్, ముందుకీ వెనక్కీ జరిగే సీటు ఉన్నది అడగండి. మెట్ట తోటలకి హైడ్రోస్టాటిక్ కావాలని, దగ్గర్లో రిపేరు సౌకర్యంతో కావాలని కంపెనీకీ వ్యవసాయ శాఖకీ రాయండి. ఒక్కరు రాస్తే చెత్తబుట్టలో వేస్తారు. పది మండలాల సంఘాలు రాస్తే చదువుతారు.

చివరిగా ఒక ఇబ్బందికరమైన మాట. హల్లరు వచ్చినప్పుడు దంపుడు కూలి పోయింది. కోతమిషను వచ్చాక కోత, నూర్పిడి పోయాయి. నాట్ల మిషను వస్తే ఊడ్పులూ పోతాయి. ప్రతిసారీ పోయింది స్త్రీల పని, వచ్చింది మగవాడి సీటు. 1976లో సమాన వేతనాల చట్టం వచ్చింది. కానీ పనే చేతులు మారిపోతే సమాన వేతనం ఎక్కడ అడుగుతాం? రేపు మీ ట్రాక్టరు కూడా సాటి కూలి స్త్రీల పనిదినాలు తగ్గించవచ్చు. భూమి ఉన్న అక్క బండెక్కి, భూమి లేని చెల్లెలు గట్టు మీద నిలబడితే మనం చేసింది సగమే. అందుకే ఆ ఇద్దరు డ్రైవర్లలో ఒకరు భూమిలేని కూలి కుటుంబం నుంచి రావాలని కూడా తీర్మానంలో రాయండి.

ఇందాక టీ తాగేటప్పుడు ఒకమ్మాయి నా దగ్గరకొచ్చి, "సైకిలు కూడా రాదండీ నాకు, ట్రాక్టరు వస్తుందా?" అని మెల్లగా అడిగింది. వస్తుందమ్మా. మొదటి వారం ఇంజను ఆగిపోతుంది, గేరు కర్రుమంటుంది, గట్టు మీద నిలబడి నలుగురు నవ్వుతారు. రెండో వారం వాళ్ళే దమ్ముకి ఎప్పుడొస్తావని అడుగుతారు. భోజనాలయ్యాక బయట బండి ఉంది. మొదట ఆ అమ్మాయినే ఎక్కిద్దాం. ఎక్కగానే మొదటి పని, సీటు ముందుకి జరుపుకోవడం.