గేదె ఎవరి కోసం చేపింది?



ఈ సభలో తత్త్వశాస్త్ర విభాగానికి నన్ను అధ్యక్షుడిగా పిలిచారు. ఆహ్వానపత్రికలో నా ఉపన్యాస విషయం ‘చైతన్యం – విశ్వప్రయోజనం’ అని అచ్చువేశారు. నిన్న రాత్రి బస దగ్గర ఒక మిత్రుడు అది చూసి, ‘‘విశ్వం సంగతి తర్వాత చూద్దాం గానీ, భోజనాలయ్యాక పెట్టిన సభలో చైతన్యం ఎక్కడుంటుందండీ?’’ అన్నారు. ఉన్నంతసేపే మాట్లాడతాను.

ముందు మాటల దగ్గర కాస్త ఆగాలి. చైతన్యం అనగానే ఇవాళ మనకు ప్రజాచైతన్యం, ఓటరు చైతన్యం, చైతన్యయాత్ర గుర్తొస్తాయి. నేననేది అంతకంటే చిన్న సంగతి. పన్ను సలుపుతుంటే ఆ సలుపు మనకు తెలుస్తుందే, అది. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్ళతో నర్సు వచ్చి ‘స్పృహ వచ్చింది’ అంటుందే, ఆ స్పృహ. తెలంగాణలో సోయి అంటారు. మా అమ్మ ‘తెలివొచ్చింది’ అనేది.

ఈ స్పృహ అన్న మాట ఉంది చూశారూ, దాని కథ వేరు. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక, ఆశ. తెలుగు గడప దాటి లోపలికొచ్చాక ఎరుక అయి కూర్చుంది. గౌడపాదుల మాండూక్యకారికల్లో ఒకచోట, అన్నీ పొందినవాడికి ఇంకా సృష్టి చెయ్యాలన్న స్పృహ ఎందుకుంటుందన్న వాదం వస్తుంది. నేను చదువుకునే రోజుల్లో మా తరగతిలో ఒకాయన అక్కడ తెలుగు అర్థం చేసుకుని ‘దేవుడికి స్పృహ లేదు’ అని పరీక్షలో రాసి చివాట్లు తిన్నాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. నలభై ఏళ్ళ తర్వాత ఆ నవ్వు నాకే ఎదురుతిరిగింది. కోరిక బొత్తిగా లేనిచోట ఎరుక దేన్ని చూసి మేలుకుంటుంది? వాడు తప్పు రాశాడు గానీ, మేం అడగాల్సిన ప్రశ్న దగ్గరే తప్పటడుగు వేశాడు.

రెండో మాట ‘ఎందుకు’. విడదీస్తే ‘ఎందు’కు ‘కు’ ప్రత్యయం. దేనికోసం అని అసలర్థం. కారణం అడగడానికి మనకు ఎందువల్ల, ఎందుచేత వేరే ఉన్నాయి. వాడుకలో మాత్రం ‘ఎందుకు’ ఆ రెండింటినీ మింగేసింది. ‘వాన ఎందుకు పడుతుంది తాతా’ అని మనవడు అడిగితే ఆవిరి, మబ్బు, చల్లదనం అని చెప్పుకొస్తాం. వాడడిగింది దేనికోసమని అయివుంటే, మనం వేరే ప్రశ్నకు జవాబు చెప్పినట్టు. గెలీలియో, న్యూటన్ల నుంచి భౌతికశాస్త్రం చేస్తున్న పని ఇదే: ‘ఎందుకు’ను గుమ్మం బయట నిలబెట్టి ‘ఎందువల్ల’తో సంసారం చెయ్యడం. అందులో దానికి కలిసొచ్చింది కూడా. 1977లో స్టీవెన్ వైన్‌బర్గ్ సృష్టి మొదటి మూడు నిమిషాల గురించి రాసిన పుస్తకం చివర, విశ్వం అర్థమవుతున్నకొద్దీ అర్థం లేనిదిగా కనబడుతోందన్న ధోరణిలో ఒక మాట అన్నారు. ఇంగ్లీషులో అవి రెండు వేర్వేరు మాటలు. తెలుగులో చెబితే రెండుచోట్లా ‘అర్థం’ అనే అనాల్సి వస్తుంది. మన భాష ఈ రెండింటినీ అంత తేలిగ్గా విడిపోనివ్వదు.

ఇక మా ఇంటి గేదె దగ్గరికి వస్తాను.

మాది కృష్ణా డెల్టాలో పల్లె. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఈనిన పన్నెండో రోజున దూడ చచ్చిపోయింది. మర్నాడు తెల్లవారుజామున నాయనమ్మ తప్పేళా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుంటే గేదె చేపలేదు. తవుడు పెట్టారు, తెలగపిండి పెట్టారు, పొదుగు మీద నీళ్ళు చల్లారు. మెడ తిప్పి దూడను కట్టేసే గుంజ వైపు చూడటం, అరవడం. రెండు రోజులు చూసి, చచ్చిన దూడ తోలుకు ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల వరిగడ్డి కూరి, పురికొసతో కుట్టి, కాళ్ళకు నాలుగు కర్రలు పెట్టి తెచ్చి ముందు నిలబెట్టారు. కళ్ళ దగ్గర రెండు చిల్లులు. నాకైతే భయమేసింది. గేదె వాసన చూసింది. నాకింది. కాసేపటికి పొదుగు బిగిసి చన్నుల్లోకి పాలు దిగాయి. తప్పేళాలో మొదటి ధార చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది.

దీని వెనక ఉన్న ‘ఎందువల్ల’ పశువైద్యులకు బాగా తెలుసు. దూడ స్పర్శో వాసనో తగిలితే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. పొదుగులో పాలగదుల చుట్టూ ఉన్న కండరాల్లాంటి కణాలను అది బిగిస్తుంది. పాలు దిగుతాయి. ఇందులో ప్రేమ అన్న మాట రాయడానికి చోటు లేదు. కానీ రెండు రోజులు అరిచింది ఎవరు?

ఈ పాల మీద మన దేశంలో పదిహేను వందల ఏళ్ళనాడే పెద్ద తగాదా నడిచింది. సాంఖ్యకారికలు రాసిన ఈశ్వరకృష్ణుడు, జడమైన ప్రకృతి చేతనుడైన పురుషుడి కోసం పనిచేస్తుందని చెబుతూ పాలనే ఉదాహరణగా తెచ్చాడు. పాలకు తెలివి లేదు, అయినా దూడ పోషణ కోసం ప్రవహిస్తాయి. ప్రకృతీ అంతే అన్నాడు. ఆ గ్రంథాన్ని 6వ శతాబ్దంలో చైనా భాషలోకి తీసుకెళ్ళిన పండితుడి పేరు పరమార్థుడు. ప్రయోజనం గురించి రాసిన పుస్తకానికి అంతకంటే తగిన అనువాదకుడు దొరకడు!

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ పాలను వదిలిపెట్టలేదు. పాలు వాటంతటవి కారవు, ఆవు చేతనమైన ప్రాణి, బిడ్డ మీది ప్రేమతో చేపుతుంది, దూడ కుడిచి లాగుతుంది అన్నారు. అక్కడితో ఆగకుండా, గడ్డి దానంతటదే పాలవుతుందంటారా, అయితే ఎద్దు తిన్న గడ్డి పాలెందుకు కాలేదు అని కూడా అడిగారు. కొట్టం ఎరిగినవాడి ప్రశ్న అది. శంకరుల్ని మనం ఎప్పుడూ ఆకాశంలోనే చూస్తాం గానీ, ఆయన వాదన చాలాచోట్ల పశువుల పాకలోనే నడుస్తుంది.

ఇందులో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. దేవుడుంటే విశ్వానికి ప్రయోజనం ఉంటుంది, లేకపోతే ఉండదు అని ఇవాళ ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఒప్పుకుని మరీ పోట్లాడుకుంటున్నారు. మన పాత తగాదాలో జతలు తారుమారు. ఈశ్వరుణ్ణి లెక్కలోకి తీసుకోని సాంఖ్యుడు విశ్వానికి ప్రయోజనం ఉందన్నాడు. ఈశ్వరుణ్ణి ఒప్పుకున్న వేదాంతి లేదన్నాడు. లేదనక తప్పలేదు. ప్రయోజనం కోసం పనిచేసేవాడికి ఏదో కొరత ఉండాలి. కొరత ఉంటే వాడు పరిపూర్ణుడు కాడు. అందుకే బ్రహ్మసూత్రాలు రాసిన బాదరాయణుడు సృష్టిని లీల అన్నాడు. శంకరులు దానికి రెండు ఉపమానాలు ఇచ్చారు. ఏ లోటూ లేని రాజు వినోదం ఒకటి, ఏ ప్రయోజనమూ చూసుకోకుండా సాగే ఉచ్ఛ్వాసనిశ్వాసాలు రెండోది. రాజు సంగతి నాకు తెలియదు. నేను ఉబ్బసం మనిషిని. రాత్రి రెండింటికి లేచి మంచం అంచున కూర్చున్నవాడికి ఊపిరి ప్రయోజనం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ ప్రయోజనం తగాదా కొత్త రూపం చూడటానికి ఇప్పుడు 1953కు రండి. ఫ్రెడ్ హాయిల్ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు అమెరికాలోని కాల్‌టెక్‌కు వెళ్ళి అక్కడి అణుభౌతిక శాస్త్రజ్ఞుల్ని ఒక చిన్న ప్రయోగం చెయ్యమని అడిగాడు. నక్షత్రాల కడుపులో మూడు హీలియం కేంద్రకాలు కలిసి కార్బన్ కావాలి. లెక్క వేస్తే, లోకంలో కనబడుతున్నంత కార్బన్ రావడం లేదు. కార్బన్ కేంద్రకానికి దాదాపు 76.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక శక్తిస్థాయి ఉంటేనే వస్తుంది. వాళ్ళలో ఒకడైన విలియం ఫౌలర్ మొదట నమ్మలేదు. వార్డ్ వేలింగ్ బృందం వెతికింది. ఉంది. మన ఎముకల్లో, ఈ కాగితంలో, ఇందాక తిన్న పెరుగన్నంలో ఉన్న కార్బన్ ఆ మెట్టు మీదుగా దిగివచ్చిందే.

1981కి వచ్చేసరికి, ఏదో మహామేధ భౌతికశాస్త్రంలో వేలు పెట్టినట్టుందని హాయిల్ రాశాడు. ఈలోగా 1973లో, కోపర్నికస్ 500వ జయంతి సందర్భంగా పోలండులోని క్రాకోవ్‌లో జరిగిన సభలో బ్రాండన్ కార్టర్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు, చూసేవాళ్ళం మనం ఉన్నాం కాబట్టి మనం ఉండటానికి వీలైన విశ్వమే మనకు కనబడుతుందన్న సూత్రానికి పేరు పెట్టాడు. ఆ రెండూ కలిసిపోయి, జీవం ఉంది కాబట్టి ఆ శక్తిస్థాయి ఉండి తీరాలని హాయిల్ 1953లోనే ఊహించాడన్న కథ పుట్టింది. హెల్గె క్రాగ్ అనే చరిత్రకారుడు పాత కాగితాలు తిరగేసి 2010లో తేల్చిందేమంటే, 1953లో హాయిల్ జీవం ఊసే ఎత్తలేదు. ఆయన గోలంతా నక్షత్రాల గురించే. జీవం సంగతి తర్వాత తెచ్చి కుట్టింది. అది చదివినప్పుడు నాకు గడ్డి దూడ గుర్తొచ్చింది.

మెదడు సంగతి రెండు మాటల్లో ముగిస్తాను, ఎందుకంటే నా తర్వాత మాట్లాడేవారు వైద్యులు. తలలో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటే, వాటిలో దాదాపు 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి. అది దెబ్బతింటే నడక తడబడుతుంది, మాట ముద్దవుతుంది, స్పృహ మాత్రం పోదు. కాబట్టి లెక్క పెరిగితే ఎరుక వచ్చేస్తుందని అనుకోవడానికి లేదు. 1998లో క్రిస్టాఫ్ కాక్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు ఇరవై అయిదేళ్ళలో ఈ గుట్టు విప్పేస్తామని తత్త్వవేత్త డేవిడ్ చామర్స్‌తో పందెం కట్టాడు. 2023లో న్యూయార్క్ సభలో ఓడిపోయానని ఒప్పుకుని వైన్ సీసాలు చెల్లించుకున్నాడు. అదే ఏడాది ఫిలిప్ గాఫ్ అనే తత్త్వవేత్త, దేవుడు అక్కర్లేకుండానే విశ్వానికి ప్రయోజనం ఉందని పుస్తకం రాశాడు. ఎలక్ట్రాన్‌లో కూడా రవ్వంత ఎరుక ఉందన్న పక్షం ఆయనది. సాంఖ్యుడి కుర్చీ ఇన్నాళ్ళకు మళ్ళీ నిండిందనిపించింది. కానీ నాకొక సందేహం. ఎలక్ట్రాన్‌కు ఎరుక ఉందనే ఒప్పుకుందాం. దానికి కొరత ఏమిటి? ఆకలా, దూడా? కొరత లేని ఎరుకను నింపుకుంటూ పోతే తేలేది వేదాంతుల బ్రహ్మమే. దానికి ప్రయోజనం ఉండదని వేదాంతులే చెప్పారు.

అందుచేత నా పక్షం ఇది. విశ్వంలో ప్రయోజనం ఉంది. విశ్వానికి ఉందని నేను అనలేను. ‘లో’కూ ‘కి’కీ మధ్య ఉన్న ఆ కాస్త ఎడం మీదే ఈ ఉపన్యాసమంతా నడిచింది. 1,380 కోట్ల ఏళ్ళ విశ్వంలో ఎక్కడో మొదటిసారి ఒక జీవకణానికి ఏదో తక్కువైంది. తక్కువైనట్టు దానికి తెలిసిందో లేదో గానీ, ‘కోసం’ అన్న మాటకు అప్పుడే పని పడింది.

దీనికి మన నేల మీదే ఎదురు మాట ఉంది. తంబురా మీటుకుంటూ తత్త్వాలు పాడుకునే అచల సంప్రదాయంవాళ్ళు ఎరుకనే భ్రాంతి అన్నారు, బయలే సత్యం అన్నారు. నేను చదువుకున్న సిలబస్‌లో వాళ్ళకు చోటు లేదు. చైతన్యానికి ఇంత పెద్దపీట వేస్తున్న ఈ సభలో, ఆ పీటే అక్కర్లేదన్నవాళ్ళను కూడా పిలిచివుంటే బాగుండేది. వచ్చే ఏడాదికి కార్యవర్గం ఆలోచించాలి.

గేదె సంగతి కొంచెం మిగిలింది. నెల తిరక్కముందే గడ్డి దూడ పొట్ట దగ్గర కుట్టు ఊడింది. ఒక పొద్దున నేను దీపం పట్టుకుని నిలబడ్డాను. నాకుతూ నాకుతూ గేదె ఆ చిరుగులోంచి నాలుగు పరకలు బయటికి లాగి నమలడం మొదలుపెట్టింది. ఇప్పుడు దానికి తెలిసిపోయింది, ఇక చేపదు అనుకున్నాను. ‘‘నాయనమ్మా, దూడను తినేస్తోందే!’’ అన్నాను. ఆవిడ తల ఎత్తలేదు. గేదె గడ్డి నములుతూనే ఉంది, తప్పేళాలో పాలు పడుతూనే ఉన్నాయి.

‘‘దీపం కదపకురా,’’ అంది నాయనమ్మ.