కెప్టెన్ కిర్క్ చొక్కా

అమెరికా టెలివిజన్‌లో 1966లో మొదలైన స్టార్ ట్రెక్ ధారావాహికలో కెప్టెన్ కిర్క్ తొడిగే చొక్కాను ఇంట్లో కుట్టుకోవాలనుకునే అభిమానికి మొదటి చిక్కు రంగు దగ్గరే వస్తుంది. తెరపై అది పసుపు, బంగారు ఛాయలో కనిపిస్తుంది. అసలు గుడ్డ మాత్రం ఆకుపచ్చ వైపు మొగ్గిన రంగు. స్టూడియో దీపాలూ, ఫిల్మూ కలిసి దాన్ని మార్చేశాయి. మరి ఏ రంగు కొనాలి? చూసేవాళ్లు గుర్తుపట్టాలంటే పసుపే మేలని నా అభిప్రాయం. పట్టుదల గల అభిమానులు ఒప్పుకోరనుకోండి!

దుస్తుల రూపకర్త విలియం వేర్ థైస్ మొదట వాడింది వెలూర్. మఖమల్‌లా నూగు ఉండి, సాగే గుడ్డ. శుభ్రం చేయించిన ప్రతిసారీ కుంచించుకుపోయేది. అందుకే మూడో సీజన్‌కి నైలాన్ అల్లిక గుడ్డకు మారారు. మీరైతే కత్తిరించే ముందే గుడ్డను ఒకసారి ఉతికి ఆరబెట్టండి. ముక్కలన్నిట్లో నూగు ఒకే దిక్కుకు ఉండాలి. ఒక చెయ్యి తలకిందులైతే అదొక్కటే వేరే రంగులా మెరుస్తుంది. మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది, సన్నని జిగ్‌జాగ్ కుట్టు వాడండి. మామూలు తిన్నని కుట్టయితే తల దూర్చేటప్పుడు దారం పుటుక్కుమంటుంది. ఇస్త్రీపెట్టె పైనుంచి రుద్దితే నూగు అణిగిపోతుంది, తిరగేసి ఆవిరి పట్టండి.

ఇక మిగిలినవి నల్లని మెడపట్టీ, చేతుల అంచున బంగారు రంగు లేసు, ఎడమ రొమ్ముపై బాణపు మొనలాంటి గుర్తు. చొక్కా తొడుక్కుని, అద్దంలో చూసి చోటు గుర్తుపెట్టుకున్నాకే ఆ బాణపు గుర్తును చేత్తో కుట్టండి.