పొరుగు మడితో పొత్తు



ఈ రోజు పట్టాలందుకున్న మీలో కొందరు త్వరలో ఏదో ఒక మండలానికి వ్యవసాయాధికారిగా వెళతారు. వెళ్లీవెళ్లగానే దిగుబడి లక్ష్యం చేతికొస్తుంది. ఆ కాగితం విప్పేముందు బాలి ద్వీపం సంగతి వినండి.

1970లలో అక్కడి రైతులతో, పొరుగువాడి కోసం ఆగకండి, వీలైనన్నిసార్లు వరి వేయండి అన్నారు. విత్తనం మంచిదే, ఎరువూ మంచిదే. కానీ ఎవరికి తోచినప్పుడు వాళ్లు నాట్లు వేసేసరికి ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పచ్చటి పైరు నిలిచింది. వరిని పీల్చే సుడిదోమకు అంతకన్నా ఏం కావాలి? ఒక మడి కోతకొస్తే పక్క మడికి ఎగిరేది. దానికితోడు నీటి ఎద్దడి.

అంతకుముందు సుబక్‌లనే రైతు సంఘాలు నీటి గుళ్లలో కూడి పంటకాలాలు తేల్చుకునేవి. అందరూ ఒకేసారి బీడు పెడితే దోమకు తిండి ఉండదు. అందరూ ఒకేసారి నాటితే నీరు చాలదు. మరి ముందుగా నీరందే ఎగువ రైతు దిగువవాడితో ఎందుకు సర్దుకుపోతాడు? సర్దుకోకపోతే కింది పొలాల దోమ తన మడి మీదే పడుతుంది గనుక!

మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్, జీవావరణ శాస్త్రవేత్త జేమ్స్ క్రెమర్ 172 సుబక్‌లను కంప్యూటర్ నమూనాలో పెట్టి చూశారు. ప్రతి సుబక్ ఇరుగుపొరుగులో ఎవరి పంట బాగుందో చూసి వాళ్ల పద్ధతి అందుకోవాలి, అంతే. కొన్నేళ్ల పంటలు గడిచేసరికి నీటి గుళ్ల ఏర్పాటును పోలిన అమరిక దానంతటదే తేలింది. పైనుంచి ఆజ్ఞ లేదు. ఆజ్ఞ లేకుండానే క్రమం పుట్టే ఇలాంటి తీరునే సంక్లిష్టతా శాస్త్రం పరిశీలిస్తుంది. ఆ నీటి గుళ్ల పూజారులు ఈ ఫలితం విని నవ్వుకునే ఉంటారు.

అయితే ఇది అన్నిచోట్లా పండే విత్తనం కాదు. పక్కవాడి నష్టం నన్నూ తాకితేనే నేను వింటాను. మన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండేది. ఆ ముడి కంటికి కనబడేది. బోరు వచ్చాక పొరుగుతో పని తీరిపోయిందనిపించింది. భూమి లోపలి నీరు మాత్రం ఉమ్మడిదే.

అనంతపురం వంటి కరువు జిల్లాల్లో ఒక దశలో రైతులే బోర్ల నీటిమట్టం కొలిచి, రబీకి ముందు కూర్చుని ఊరి నీటి లెక్క కట్టారు. ఫలానా పంటే వేయాలన్న నిబంధన లేదు. ఆ లెక్క అందరి ముందూ పెట్టాక చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. మీరు చేరబోయే మండలంలో అలాంటి లెక్క ఎవరి దగ్గరైనా ఉందేమో మొదటి వారమే అడగండి. లేకపోతే ఓ కొలత టేపు పట్టుకుని రైతుల వెంట బోర్ల దగ్గరికి వెళ్లండి.