కొత్త చికిత్సలు, క్లినికల్ ట్రయల్స్: మన వంతు బాధ్యత

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టును. ఆ మాట చెబితే మనవాళ్లు "ఎక్స్‌రేలు తీస్తావా?" అని అడుగుతారు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ బొమ్మలు చూసుకుంటూ, చర్మం మీద చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టాన్ని రక్తనాళంలోకి పంపి లోపలి జబ్బుకు చికిత్స చేయడం మా పని. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే వైద్యుడు, కాలు తీయించుకోనన్న 82 ఏళ్ల వృద్ధురాలి కాలి రక్తనాళాన్ని ఇలాగే వెడల్పు చేశారు. ఆమె కాలు దక్కింది. మా శాఖకు అదే నాంది.

ఈ శాఖతో మన జిల్లాకు చాలా దగ్గరి సంబంధం ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు మనందరికీ చుట్టాలున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ చేయాలంటే ముందు చేతిలో ధమనిని, సిరను కలిపి ఫిస్టులా తయారుచేస్తారు. రోగికి అది ప్రాణాధారం. కొన్నాళ్లకు అది సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేస్తాం. కొందరికి మళ్లీ సన్నబడుతుంది.

ఉద్దానంలో ఉండే మా మేనత్తకు అలాగే జరిగింది. రెండోసారి బెలూన్ వేయించుకుని వచ్చి, "ఎన్నాల్లుంతాదిరా ఇది?" అని నన్నడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబును క్లినికల్ ట్రయల్సే ఇవ్వాలి.

మందు పూసిన బెలూన్ వాడితే ఫిస్టులా ఎక్కువకాలం నిలుస్తుందా? అమెరికా, జపాన్, న్యూజిలాండ్‌లలో 330 మందితో జరిపిన ట్రయల్ నిలుస్తుందని 2020లో తేల్చింది. బ్రిటన్‌లో 212 మందితో జరిపిన మరో ట్రయల్‌లో మామూలు బెలూన్ కంటే ప్రయోజనం కనిపించలేదు. ఈ రెండు ట్రయల్స్‌లోనూ మన దేశం లేదు. ఎండలో కూలిపని చేసి, వందల రూపాయల బస్సు ఛార్జీ పెట్టుకుని డయాలసిస్‌కు వెళ్లే మనిషికి ఏది పనికొస్తుందో పరాయి దేశపు లెక్కలు పూర్తిగా చెప్పలేవు.

వైద్యుల నమ్మకం ఒక్కటే చాలదు. విరిగిన వెన్నుపూసలోకి సిమెంటు ఎక్కిస్తే నొప్పి తగ్గుతుందని మా శాఖవాళ్లం గట్టిగా నమ్మాం. 2009లో రెండు ట్రయల్స్‌లో కొందరికి సిమెంటు ఎక్కించి, మరికొందరికి ఎక్కించినట్టు నటించి చూస్తే, రెండు గుంపుల్లోనూ నొప్పి ఇంచుమించు ఒకే తీరుగా తగ్గింది. పక్షవాతానికి మెదడు రక్తనాళంలోని గడ్డను లాగేసే చికిత్స సంగతి వేరు. 2013లో వెలువడిన మూడు ట్రయల్స్ దానివల్ల అదనపు మేలు లేదన్నాయి. రోగులను సరిగా ఎంచుకుని, మెరుగైన పరికరాలతో మళ్లీ పరీక్షిస్తే 2015లో మేలు రుజువైంది. మొదటి ఫలితంతోనే వదిలేసి ఉంటే ఎందరో మంచానపడేవారు.

మరి మనవాళ్లు ట్రయల్ అనగానే ఎందుకు భయపడతారు? "నన్ను ఎలకని సేస్తావేట్రా?" అని మా మేనత్తే అడిగింది. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం జరిగింది. తల్లిదండ్రులు సంతకం చేయవలసిన పత్రాలు చాలావాటిపై హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారని విచారణలో తేలింది. 2010లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. గురువుల సమక్షంలో ఈ మాట అంటున్నందుకు మన్నించండి. పల్లెలో మాస్టారు చెప్పాక ఎదురు ప్రశ్న ఉండదు. అందుకే మాస్టారి సంతకం రోగి సంతకానికి బదులు కాకూడదు.

ఇప్పుడు నియమాలు గట్టిగానే ఉన్నాయి. మందులకు 2019 నాటి నియమాలు, పరికరాలకు 2017 నాటి నియమాలు వర్తిస్తాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే ట్రయల్ మొదలుకాకూడదు. వివరాలు రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదవలేని రోగి అయితే, ట్రయల్‌తో సంబంధంలేని సాక్షి మొదటినుంచి చివరివరకు పక్కన ఉండాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. 2007లో మొదలైన మన దేశపు ట్రయల్ రిజిస్ట్రీలో వివరాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

మన సంఘానికి నా విన్నపాలు మూడు. ఒకటి, ఊరివాళ్లెవరైనా అంగీకారపత్రం తెస్తే దాన్ని చదివి వినిపించే నలుగురు మన సంఘంలో ఉండాలి. చేరమనీ వద్దనీ చెప్పకుండా, అందులో ఏముందో చెబితే చాలు. రెండు, చేరినవాళ్లు చివరి పరీక్షదాకా వెళ్లేలా చూడాలి. ఇక్కడినుంచి విశాఖ సుమారు వంద కిలోమీటర్లు; ఒకసారి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. దారి ఖర్చు ఎవరు భరిస్తారో ముందే అడిగించండి. సగంలో మానేసేవాళ్లు ఎక్కువైతే ఎంత మంచి ట్రయల్ అయినా వృథా అవుతుంది. మూడు, మన ఎచ్చెర్లలోనే అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. వైద్య పరిశోధనకు డాక్టర్లతోపాటు గణాంకాలు తెలిసినవాళ్లు, సమాచారం భద్రపరిచేవాళ్లు, రోగులతో తెలుగులో మాట్లాడేవాళ్లు కూడా కావాలి. మన పిల్లలకు ఈ దారి చూపించండి.

మా మేనత్త ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఈ జిల్లా రోగులు అన్నీ తెలుసుకుని, ఇష్టపడి చేరిన ట్రయల్ ఒకటి జరిగితే, రేపు ఇంకో మేనత్తకు ఇంకో మేనల్లుడు జవాబు చెప్పగలుగుతాడు. తెలియనిది అడగడం నాకు నేర్పింది ఈ బడే.