ముంపు నీటిపై హక్కు ఎవరిది?

(కృష్ణా తీర గ్రామాల జీవనంపై చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీల హక్కులను చర్చించే వేదికపై చేపలు పట్టేవారి ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. నల్లగొండకు గాని, మహబూబ్‌నగర్‌కు గాని సముద్రం లేదు. వర్షం కోసం ఆకాశం వైపు చూసే మెట్ట ప్రాంతాలివి. అయినా ఈ రెండు పాత జిల్లాల దక్షిణపు అంచున, కృష్ణ వెంబడి, జాలరి పల్లెలు ఉన్నాయి. ఆ పల్లెలను పుట్టించింది సముద్రం కాదు, ఆనకట్టలు. వాటి జీవితాన్ని, రేపటిని మీ ముందు ఉంచడానికే మేము ఈ రోజు నిలబడ్డాము.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. నీటిమట్టం 590 అడుగులకు చేరితే సాగర్ నిండినట్లు. ఆ నీటి కింద నాగార్జునకొండ లోయ ఉంది. లోయలోని బౌద్ధ శిల్పాలను తవ్వి తీసి, కొండ మీదికి చేర్చి, ప్రదర్శనశాల కట్టారు. తరువాత పై భాగాన శ్రీశైలం జలాశయం వచ్చింది. దాని పూర్తి మట్టం 885 అడుగులు. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూటికి పైగా గ్రామాలను ఖాళీ చేయించారు. అప్పుడు కూడా సోమశిల, జటప్రోలు ఆలయాలను రాయి రాయి లెక్కపెట్టి గట్టుకు తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి చేర్చారు.

అది మంచి పని. చరిత్రను కాపాడుకోవడం నాగరికతకు గుర్తు. అయితే రాతికి సంఖ్య వేసి, ఏ రాయి ఎక్కడ నిలవాలో నిర్ణయించిన ఆ శ్రద్ధ మనుషుల విషయంలో కనిపించలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. కొల్లాపూర్ ప్రాంతంలో ఆ సంఖ్య తెలియని ఇల్లు ఉండదు. ఆ ఉత్తర్వు అమలు కోసం ఎదురుచూస్తూనే ఒక తరం వృద్ధాప్యంలోకి వెళ్ళిపోయింది. ఇళ్ళతో పాటు మసీదులు, ఖబరస్తాన్లు, గుళ్ళు, శ్మశానాలు నీటిలో కలిసిన ఊళ్ళవారికి తమ పెద్దల సమాధుల వద్ద నిలబడే అవకాశం కూడా మిగలలేదు.

నీరు నిండిన తరువాత కొత్త మనుషులు వచ్చారు. నేరేడుగొమ్ము మండలంలో సాగర్ వెనుక జలాల ఒడ్డున ఒక పల్లె ఉంది. పేరు వైజాగ్ కాలనీ. ఉత్తరాంధ్ర తీరం నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన మత్స్యకారులు అక్కడ స్థిరపడ్డారు. విచిత్రమేమిటంటే, దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోసింది పాలమూరు కూలీ. తన ఊరికి నీరు లేక వలస పోయినవాడు అతడు. నీటి మీద బతకడం తెలిసి వలస వచ్చినవాడు ఇతడు. ఇద్దరిదీ ఒకటే కథ: శ్రమకు చోటు దొరుకుతుంది, శ్రమించే మనిషికి హక్కు దొరకదు.

నగరం నుంచి సెలవు రోజున వచ్చేవారికి అక్కడ ప్రశాంతత కనిపిస్తుంది. కొండలు, కదలని నీరు, ఒడ్డున బోర్లించిన పుట్టి. ఆ ప్రశాంతత వెనుక పని వేరు. సాయంత్రం వల వేయాలి. తెల్లవారకముందే వెళ్ళి ఎత్తాలి. బొచ్చె, రవ్వు, జెల్ల, వాలుగ ఏది పడినా ఎండ ఎక్కకముందే మంచులో పెట్టాలి. మంచు దగ్గర లేకపోతే, వలకూ పుట్టికీ ముందుగా అప్పు ఇచ్చిన వ్యాపారి చెప్పిందే ధర. మృగశిర కార్తె నాడు పట్టణంలో చేపకు పలికే ధర గట్టు మీది మనిషి చేతికి రాదు. విద్యుత్తు కోసం, సాగు కోసం నీరు వదిలితే జలాశయం వెనక్కి జరుగుతుంది. నిన్నటి రేవు నేడు బురద. పట్టిన చేపను ఎండబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్మే స్త్రీ శ్రమ ఏ లెక్కలోకీ రాదు.

ఇక హక్కు సంగతి. గ్రామ చెరువులలో చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘాలది. వాటి సభ్యత్వం ప్రధానంగా ముదిరాజ్, గంగపుత్ర వంటి కులాలవారిది. పెద్ద జలాశయాలలో లైసెన్సు కావాలి. సభ్యత్వం గాని, లైసెన్సు గాని ఉన్నవాడే ప్రభుత్వం దృష్టిలో మత్స్యకారుడు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాదంలో మరణించిన మత్స్యకారుని కుటుంబానికి 5 లక్షల రూపాయల బీమా ఉంది. కాని పేరు నమోదై ఉండాలి. గాలివానకు పుట్టి బోల్తా పడినప్పుడు నది సభ్యత్వ పత్రం అడగదు. ఆ తరువాత కార్యాలయం అడుగుతుంది.

ఇక్కడే ఈ విషయం మనల్ని తాకుతుంది. జాబితాలో పేరు లేకపోవడం అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. 2007లో బీసీ-ఈ వర్గం ఏర్పడి నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చేదాకా మన పేదలలో అత్యధికులు ఏ జాబితాలోనూ లేరు. 2016లో సుధీర్ కమిషన్ మన స్థితిగతులపై నివేదిక ఇచ్చింది. పేదరికాన్ని కళ్ళతో చూడటం సులభం, కాగితం మీద నిరూపించడం కష్టం అన్న పాఠం మనం అనుభవంతో నేర్చుకున్నాం. ఆ పాఠం మన ఇంటికే పరిమితమైతే అది స్వార్థం. పొరుగువాని గుడిసె దాకా వెళ్ళినప్పుడే అది న్యాయం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చెరువుల మీద గంగపుత్రులకు, ముదిరాజులకు ఉన్న హక్కు తరతరాల శ్రమతో వచ్చినది. దానిని అందరికీ తెరవమని మేము కోరడం లేదు. తెరిస్తే ముందుగా దూరేది పేద ముస్లిం కాదు, పేద లంబాడా కాదు, డబ్బున్న గుత్తేదారు. మేము చెప్పేది ముంపు నీటి గురించి. అది పూర్వికులు తవ్వుకున్న చెరువు కాదు. ఊళ్ళు మునిగి ఏర్పడిన నీరు. కాబట్టి ఊరు పోగొట్టుకున్న కుటుంబానికి, ఏళ్ళ తరబడి ఆ నీటి మీద పని చేస్తున్న కుటుంబానికి అక్కడ మొదటి స్థానం ఉండాలి, వారు ఏ కులమైనా, ఏ మతమైనా.

హక్కు ఎవరిదో తేలనిచోట బలవంతుడిదే రాజ్యం. కొల్లాపూర్, సోమశిల వైపు నిషేధించిన అలివి వలల వాడకమే ఇందుకు ఉదాహరణ. దోమతెర వంటి ఆ సన్నని వలలు చేపపిల్లలను కూడా ఊడ్చుకుపోతాయి. 2016-17 నుంచి ప్రభుత్వం నూరు శాతం రాయితీతో చేపపిల్లలను నీటిలో వదులుతున్నది. ఒక చేత్తో వదిలినదాన్ని మరో చేత్తో దోచుకోనిస్తే ఫలితం ఎవరికి? అప్పుడప్పుడు దాడులు చేసి వలలు తగులబెడితే సరిపోదు. అక్కడే బతికేవారికి కాపలా అధికారం కావాలి.

ఇది కలలో మాట కాదు. ఇండోనేషియాలో ఆచే అనే ప్రాంతం ఉంది. అక్కడి తీర గ్రామాలలో పాంగ్లిమా లావోత్ అనే పెద్దను పడవల సారంగులే ఎన్నుకుంటారు. ఆ మాటకు సముద్ర నాయకుడని అర్థం. శతాబ్దాల నాటి సంప్రదాయమది. ఎవరు ఎక్కడ వల వేయాలి, తగాదా వస్తే ఎలా తీర్చాలి, తప్పిపోయిన పడవను ఎవరు వెతకాలి, ఇవన్నీ అతని బాధ్యతలు. శుక్రవారం ఎవరూ వేటకు వెళ్ళరు. నమాజుకు తీరిక దొరుకుతుంది, చేపకు ఊపిరి దొరుకుతుంది. 2004 డిసెంబరు 26 సునామీ ఆ తీరాన్ని తుడిచిపెట్టినా ఆ వ్యవస్థ నిలిచింది. 2006 నాటి చట్టం దానికి గుర్తింపు కూడా ఇచ్చింది. నీటి మీద బతికేవారే నీటికి నియమం పెట్టుకోవడం అందులోని సారం.

మన తీరానికి కూడా రేపు రాబోతున్నది. సోమశిల స్వదేశ్ దర్శన్ పర్యాటక పథకంలో చేరింది. 2007 జనవరిలో మంచాలకట్ట వద్ద పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయిన కృష్ణపై వంతెన నిర్మాణానికి 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. వంతెన రావాలి. కాని వంతెనతో పాటు భూముల ధరలు, విశ్రాంతి గృహాలు, గట్టు చుట్టూ కంచెలు కూడా వస్తాయి. రేవుకు దారి మూసుకుపోయాక హక్కు గురించి అడిగితే ఫలితం ఉండదు.

కనుక మేము కోరేవి నాలుగు. ముంపు నీటిపై నిజంగా పని చేసే ప్రతి కుటుంబాన్ని, చేపలు అమ్మే స్త్రీలతో సహా, నమోదు చేయాలి. నమోదైన ప్రతి ఒక్కరికీ బీమా వర్తింపజేయాలి. రేవులను, వాటికి వెళ్ళే దారులను ఉమ్మడి ఆస్తిగా రికార్డులకు ఎక్కించాలి. తీర గ్రామాలు తమ నీటిని తామే కాచుకునే కమిటీలకు చట్టబద్ధత ఇవ్వాలి.

ప్రభుత్వాన్ని అడిగి ఊరుకోవడం కాదు. మన చదువుకున్న యువకులు నెలకొక ఆదివారం ఆ పల్లెలకు వెళ్ళి దరఖాస్తులు నింపగలరు. మన చేపల వ్యాపారులు గట్టు మీద న్యాయమైన తూకం, న్యాయమైన ధర పాటించగలరు. పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందువులు, ముస్లింలు కలిసే వస్తారు. పండుగకు కలిసే మనం హక్కుకు ఎందుకు కలవకూడదు?

శిల్పాలకు గట్టు మీద చోటు దొరికి దశాబ్దాలు గడిచాయి. మనుషులకు ఆ చోటు ఇప్పించడం ఇప్పుడు మన పని.