సైకిల్ బ్రేకు: రిమ్ముదా? డిస్కుదా?



బసంత్‌నగర్ మీదుగా రాజీవ్ రహదారి పోతది. సిమెంటు లారీలు, బొగ్గు లారీలు దాని మీదనే తిరుగుతయి. అదే రోడ్డున పిల్లలు సైకిల్ మీద బడికి పోతరు. లారీ అడ్డం వస్తే వాళ్ల ప్రాణం రెండు బ్రేకుల మీదనే ఉంటది.

పాత సైకిల్ చూడండి. బ్రేకు పట్టగానే రెండు రబ్బరు ముక్కలు రిమ్మును అదుముతయి. అదే రిమ్ము బ్రేకు. ఎండాకాలం బాగానే ఆగుతది. వానాకాలమే చిక్కు. రిమ్ము నేలకు దగ్గర. నీళ్లు, బురద, దుమ్ము దానికే అంటుతయి. ఇక్కడ దుమ్ముకేం కొదవ! బ్రేకు పట్టినా ముందు ఆ నీళ్లు తుడుచుకు పోవాలి. ఆ తర్వాతే రబ్బరు పట్టుకుంటది. ఆ లోపల సైకిల్ ఇంకా ముందుకు పోతది.

డిస్కు బ్రేకు వేరు. చక్రం నడుమ, ఇరుసు దగ్గర, గుండ్రని ఉక్కు బిళ్ల ఉంటది. దాన్ని చిన్న ప్యాడ్లు పట్టుకుంటయి. అంత ఎత్తుకు బురద తక్కువ చేరుతది. వానలోనూ పట్టు ఉంటది. పందెం సైకిళ్ల అంతర్జాతీయ సంఘం కూడా 2018లో రోడ్డు పందేలకు దీన్ని ఒప్పుకున్నది. ధర మాత్రం ఎక్కువ. బిళ్ల మీద నూనె చుక్క పడితే పట్టు పోతది. గొలుసుకు నూనె వేసేటప్పుడు జాగ్రత్త.

రోజూ వానలో పెద్ద రోడ్డున పోయే పిల్లలకు డిస్కే మేలు. అంత డబ్బు లేదా? దిగులు వద్దు. రబ్బర్లు అరిగితే వెంటనే మార్పించండి. రిమ్మును గుడ్డతో తుడవండి. వాన పడితే దూరం నుంచే, మెల్లగ, రెండు బ్రేకులూ కలిపి పట్టమని పిల్లలకు చెప్పండి.