ఎవరి పేరు, ఏ తారీఖు

(2011 డిసెంబర్‌ల చాండ్లర్‌ల జరిగిన తెలంగాణ మిత్రుల సమావేశంల చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యోగంల నాయకత్వం గురించి నాలుగు మాటలు చెప్పమన్నరు. ఇక్కడ కూర్చున్నోళ్లల్ల చాలామంది ఈమధ్యనే లీడ్లు, మేనేజర్లు అయిండ్రు కాబట్టి పనికొస్తదని పిలిచినోళ్ల ఉద్దేశం. నేను మాత్రం తెలంగాణ గురించే మాట్లాడుత. డిసెంబర్ 9 ప్రకటన వచ్చి రెండేండ్లయినా మనం ఇంకా ఇట్ల ఎందుకున్నమో తెలుసుకోవాలంటే, ఆఫీసుల రోజూ చూసే సంగతే చాలు.

ప్రొడక్షన్‌లకు ఒక మార్పు పోవాలంటే ఏం చేస్తం? టికెట్ తెరుస్తం. ఎవరు చేస్తరు, ఎప్పుడు చేస్తరు, బెడిసికొడితే ఎట్ల వెనుకకు తీస్తరు, ఎవరు ఒప్పుకున్నరు, అన్నీ రాస్తం. రాత్రి కాల్‌ల ఇరవై మంది ఉన్నా 'గో' అనేది ఒక్కరే. తెల్లారి సిస్టం పడిపోతే ఫోను ఆ మనిషికే పోతది. మనోళ్లల్ల కొందరికి ఒక అలవాటున్నది. మెయిల్ చివర 'ప్లీజ్ అడ్వైజ్' అని రాసి, బరువు అవతలి మనిషి నెత్తిన పెట్టినమని నిమ్మళంగ పండుకుంటరు. సర్కారు కూడా గట్లనే చేస్తది. కాకుంటే అక్కడ దాన్ని కమిటీ అంటరు.

జీవో 610 సంగతి మీకందరికీ తెలుసు. అయినా టికెట్ లెక్క ఒకసారి చదువుదాం. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగ ఐదు, ఆరు జోన్లల్ల, అంటే మన జిల్లాలల్ల, 58,962 మంది స్థానికేతరులు ఉద్యోగాలల్ల ఉన్నరని జైభారత్ రెడ్డి కమిటీ తేల్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1985 డిసెంబర్ 30న జీవో ఇచ్చింది. జీవో మంచిదే. పని ఏందో ఉన్నది, 1986 మార్చి 31 అని గడువు కూడా ఉన్నది. గడువు దాటితే జవాబు చెప్పేదెవరో మాత్రం లేదు. అమలు చేయాల్సింది శాఖలు. ఆ నియామకాలు చేసిందీ ఆ శాఖలే! మార్చి 31 వచ్చింది, పోయింది. అసలు అమలైందా లేదా అని చూసెటందుకు గిర్‌గ్లానీ కమిషన్ వేసింది 2001 జూన్‌ల. టీఆర్ఎస్ పుట్టింది ఆ ఏడాది ఏప్రిల్‌ల. అంతకు ముందు పదిహేనేండ్లు ఎవరికీ యాదికి రాలేదు. 2004ల తుది నివేదిక వచ్చింది. ఉల్లంఘన ఎన్ని తీర్ల జరిగిందో విడివిడిగ రాసింది. మధ్యల హౌస్ కమిటీ కూడా వేసిండ్రు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. 1986ల ముప్పై ఏండ్లున్న ఉద్యోగికి ఇయ్యాల యాభై ఐదు. ఇంకో మూడేండ్లకు రిటైరైతడు. ఆయన మీద నాకు కోపం లేదు, కొలువు ఇచ్చిండ్రు, చేరిండు. కానీ ఆయన రిటైరైతే ఆయన వరకు జీవో 610 అమలు చేయాల్సిన పనే ఉండదు. అంటే నిర్ణయం జరిగిపోయినట్టే. ఏ మంత్రీ సంతకం పెట్టకుండ, ఎవరూ 'గో' అనకుండ జరిగిపోయింది. ఆ కొలువు రావాల్సిన పిల్లగాడు ఏ దుబాయికి పోయిండో ఎవరు లెక్క పెట్టిండ్రు?

ఇక డిసెంబర్ 9. చిదంబరం గారు రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడుతమన్నరు. పద్నాలుగు రోజులకు, 23న, మళ్ల ఆయనే పార్టీల నడుమ ఏకాభిప్రాయం లేదు, సంప్రదింపులు జరగాలన్నరు. తొందరపడి ప్రకటించిండ్రు అనేటోళ్లు, 7వ తారీఖున హైదరాబాద్‌ల రోశయ్య గారు పెట్టిన అఖిలపక్షాన్ని మర్చిపోతరు. రెండు ప్రకటనల్ల ఒకటి తప్పు. ఏది తప్పో, ఎవరి తప్పో ఇప్పటిదాక ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఒకోటిల్లో దిక్కు పోతే ఇంటెల్ వాళ్ల ఫ్యాబ్ 42 లేస్తున్నది. 5 బిలియన్ డాలర్లకు పైన ఖర్చు. మొన్న ఫిబ్రవరిల పాల్ ఒటెల్లిని ప్రకటించిండు. ఆ నిర్ణయం ఒప్పో తప్పో మనకు తెల్వది, కానీ రేపు ఎవరిని అడగాలెనో అందరికీ తెలుసు.

శ్రీకృష్ణ కమిటీ రిపోర్టు చదివినప్పుడు కన్సల్టెంటుగ నాకు నవ్వొచ్చింది. 461 పేజీలు, ఆరు ఆప్షన్లు! క్లయింటు నిజంగ నిర్ణయం తీసుకుంటనంటే మేము ఒకటో రెండో ఇస్తం. ఆరు ఎప్పుడిస్తమంటే, ఆయనకు కావాల్సింది సలహా కాదు, టైం అన్నప్పుడు. జస్టిస్ గారిని అని లాభం లేదు, అడిగినోళ్లు అట్ల అడిగిండ్రు.

రాజకీయంల బాధ్యత అసలే కుదరదా అంటే, కుదిరింది. 1956 సెప్టెంబర్‌ల మన మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదంల వందమందికి పైగ పోయిండ్రు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చిండు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌ల అరియలూరు ప్రమాదం జరిగింది, ఈసారి ఇచ్చి వెళ్లిపోయిండు. బండి ఆయన నడపలేదు, వంతెన ఆయన కట్టలేదు. సరిగ్గ అదే నవంబర్‌ల, ఒకటో తారీఖున, పెద్దమనుషుల ఒప్పందాన్ని నమ్మి మనలను ఆంధ్రప్రదేశ్‌ల కలిపిండ్రు. ఆ ఒప్పందం తప్పినందుకు ఏ పెద్దమనిషి రాజీనామా చేసిండు? మొన్న జులైల మన ఎమ్మెల్యేలు రాజీనామాలు ఇచ్చిండ్రు, స్పీకర్ తిరస్కరించిండు. చాలామంది హాయిగ ఊపిరి పీల్చుకున్నరని నా అనుమానం.

నన్నడిగితే నిర్ణయం అంటే సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13న మొదలుపెడుతమన్నరు, పెట్టిండ్రు. పని చేయకుంటే జీతం లేదని సర్కారు ముందే చెప్పింది. సింగరేణి కార్మికుడు, ఆర్టీసీ డ్రైవరు, బడి పంతులు తెలిసే దిగిండ్రు. 42 రోజులు. నడుమల దసరా వచ్చింది. జీతం లేని దసరా. ఆ నిర్ణయానికి ఖర్చు ఎవరిదని ఎవరూ అడగాల్సిన పని పడలేదు, వాళ్ల ఇండ్లల్లనే కట్టిండ్రు.

మనం ఢిల్లీకి పంపే వినతిపత్రంల ఎప్పుడూ 'త్వరగా', 'సత్వరమే' అని రాస్తం. ఈసారి ఆ మాటలు తీసేసిన. బిల్లు ఏ సమావేశాలల్ల పెడుతరు, పెట్టకుంటే జవాబు చెప్పే మంత్రి ఎవరు, ఈ రెండే అడిగిన. కాయితం టీ పెట్టిన బల్ల మీదున్నది. చదివి ఒప్పుకుంటే సంతకం చేయండి, పేరు పూర్తిగ రాయండి. ఒప్పుకోకుంటే ఏ లైను మార్చాలెనో ఇయ్యాలనే చెప్పండి, సోమవారం పోస్టు చేస్త.